ఇందల్వాయి బాటలో డేరా ఎంపిక

వీపున మోసుకెళ్లే డేరాకు మూడు పనులుంటాయి. వాన లోపలికి రానివ్వకూడదు. దోమ, తేలు, పాము దరిచేరకూడదు. మోసేవారి నడుము పట్టేయకూడదు. మొదటి పనికి మందపాటి బట్ట కావాలి, మూడోదానికి పలచటి బట్ట కావాలి. రెండో పనికి అన్ని పక్కలా మూసి ఉండాలి, కానీ గాలి ఆడకుండా మూస్తే లోపల ఉక్కపోత. ఒకటి కావాలంటే మరొకటి కొంత వదులుకోక తప్పదు. ఏది వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో పడుకోబోయే నేల, వెళ్లే నెల చెబుతాయి.

ఈ లెక్క తెలుసుకోవడానికి నిజామాబాదు జిల్లా ఇందల్వాయి మంచి చోటు. జిల్లా కేంద్రానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, శ్రీనగర్–కన్యాకుమారి 44వ నంబరు జాతీయ రహదారి మీద, సికింద్రాబాదు–నిజామాబాదు రైలు మార్గంలో ఉన్న మండల కేంద్రమిది. దక్షిణాన చంద్రాయన్‌పల్లి, దగ్గి వైపు రోడ్డు గుట్టల మధ్య నుంచి, టేకు చెట్ల అడవి గుండా పోతుంది. మండలంలోనే సిర్నాపల్లి జలపాతం ఉంది. పడమరగా పోతే బోధన్ చెరకు పొలాల నల్లరేగడి, ఇంకా ముందుకు పోతే కందకుర్తి దగ్గర గోదావరి ఇసుక. నాలుగైదు రోజుల నడకలో రాయి, మొరం, రేగడి, ఇసుక నాలుగూ కాళ్ల కిందికి వస్తాయి. డేరాకు ఒక్కో నేల ఒక్కో పరీక్ష పెడుతుంది.

పాత బాట, పాత డేరాలు

ఈ బాట మీద డేరాలు దిగడం కొత్త కాదు. ఫ్రెంచి యాత్రికుడు జాన్ ద తెవనో 1666–67లో గోల్కొండ రాజ్యానికి ఈ వైపు నుంచే వచ్చాడు. ఇందల్వాయిలో తయారయ్యే కత్తులు, బాకులు, ఈటెలు దేశమంతటా పేరుపడ్డాయని రాసిపెట్టాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, హైదరాబాదు, నిర్మల్, నాగపూరు మీదుగా కాశీకి పోయింది కూడా ఈ ప్రాంతం గుండానే. పల్లకీలు, బోయీలు, డేరాలు, వంటవాళ్లతో పెద్ద పరివారమే ఆయన వెంట నడిచింది. ఉప్పు, ధాన్యం ఎడ్ల మీద వేసుకుని దక్కను అంతటా తిరిగిన లంబాడీల బిడారాలు మరో ఎత్తు. పదివేల, పన్నెండువేల ఎడ్ల బిడారాలు చూశానని పదిహేడో శతాబ్దపు యాత్రికుడు తావెర్నియే రాశాడు. ఇప్పుడు ఇందల్వాయి చుట్టూ ఉన్న తండాలకు ఆ పేరు వచ్చింది ఆ బిడారాల నుంచే.

వీళ్లందరికీ డేరాలు ఉన్నాయి, కానీ వాటిని మోసింది ఎద్దో, ఒంటో, కూలీనో. తన ఆసరాను తన భుజాన వేసుకుని నడిచింది గొర్ల కాపరి. దక్కను గొర్రె ఉన్నితో నేసిన గొంగడి వానకు కొప్పెర అవుతుంది, చలికి కప్పు, ఎండకు నీడ, రాత్రికి పరుపు. ఒక్క గుడ్డ నాలుగు పనులు చేస్తుంది, మడిచి భుజాన వేసుకుంటే అదనపు మూట లేదు. నడిచేవారి డేరాను కొలవాల్సింది ఆ గొంగడితోనే. పని చేయని బరువు ఒక్క పిసరు కూడా అందులో ఉండకూడదు.

బరువు, కొలత

నాలుగైదు రోజుల నడకకు వీపున వేసే మొత్తం బరువు శరీర బరువులో అయిదో వంతు దాటకుండా చూసుకోవడం మంచి పద్ధతి. అరవై కిలోల మనిషికి అది పన్నెండు కిలోలు. ఇందల్వాయి గుట్టల్లో ఎండకు మూడు లీటర్ల నీళ్లు తప్పనిసరి, అంటే మూడు కిలోలు అక్కడే పోయాయి. తిండి, పరుపు, దుప్పటి, బట్టలు, మందులు పోగా డేరాకు మిగిలేది ఒకటిన్నర కిలో. ఆల్ప్స్ పర్వతాల్లో పర్వతారోహకుడు ఎడ్వర్డ్ వింపర్ 1860లలో రూపొందించి వాడిన డేరా పది కిలోల దాకా తూగేది. ఇప్పుడు ఇద్దరు పడుకునే మంచి డేరా రెండు కిలోలలోపే దొరుకుతుంది. పై పట్ట ఒకరు, కర్రలూ మేకులూ లోపలి గుడ్డా మరొకరు పంచుకుంటే తలా ఒక కిలో.

చవక రకాల్లో ఇద్దరి డేరా రెండున్నర నుంచి మూడున్నర కిలోల దాకా ఉంటుంది. కారులో తీసుకెళ్లి చెరువు గట్టున వేసుకునేవారికి అది చాలు. వీపున మోసేవారికి ఆ అదనపు కిలోన్నర రెండో రోజు మధ్యాహ్నం గుట్ట ఎక్కేటప్పుడు తెలిసివస్తుంది. చేతికర్రలనే డేరా కర్రలుగా నిలబెట్టే రకాలు కిలోలోపే ఉంటాయి. అవి అలవాటైన చేతులకు బాగుంటాయి, మొదటిసారి వెళ్లేవారు వాటి జోలికి పోకపోవడం మేలు.

పెట్టె మీద ఇద్దరికి అని రాసి ఉంటే, ఇద్దరు మనుషులు పక్కపక్కన ఇరుక్కుని పడుకోగలరని అర్థం. సంచులకు చోటు అందులో లేదు. మామూలు పరుపు యాభై సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది కాబట్టి లోపలి వెడల్పు కనీసం 125 సెంటీమీటర్లు ఉండాలి. పొడవు 210 ఉంటే మేలు, లేదంటే తలో కాలో గోడకు తగిలి దుప్పటి తడుస్తుంది. కూర్చుంటే తల తగలకుండా నడిమధ్య ఎత్తు మీటరు ఉండాలి. తలుపు ముందు పై పట్ట ముందుకు సాగి చిన్న వసారాలా ఏర్పడితే బురద చెప్పులు, సంచులు అక్కడ పెట్టుకోవచ్చు. వానాకాలంలో వసారా లేని డేరా అరుగు లేని ఇల్లు లాంటిది.

సిర్నాపల్లి: వాన పరీక్ష

సిర్నాపల్లి జలపాతాన్ని రాణి జానకీబాయి జలపాతం అని కూడా అంటారు. సిర్నాపల్లి సంస్థానాన్ని ఏలిన రాణి పేరు అది. వానలు బాగా పడిన ఏడాది వెడల్పాటి బండల మీద నుంచి నీళ్లు పరచుకుని దూకుతాయి. తెలంగాణ నయాగరా అన్న పేరు అందుకే వచ్చింది. చూడదగిన కాలం వానాకాలమే కాబట్టి ఈ దారిలో డేరాకు మొదటి పరీక్ష నీళ్లే. జిల్లాలో ఏటా కురిసే సుమారు వెయ్యి మిల్లీమీటర్ల వానలో అధిక భాగం జూన్–సెప్టెంబరు మధ్యే పడుతుంది.

బట్ట నీటిని ఎంత ఆపుతుందో మిల్లీమీటర్లలో చెబుతారు. బట్ట మీద గొట్టం నిలబెట్టి నీళ్లు పోస్తూ పోతే, ఎంత ఎత్తు చేరాక చుక్కలు కిందికి దిగుతాయో అదే ఆ అంకె. పై పట్టకు 1500 మిల్లీమీటర్లు ఉంటే మన వానలకు సరిపోతుంది. అడుగు పట్ట సంగతి వేరు. తడి నేల మీద మోకాలు మోపినా, మోచేయి ఆనించినా ఒంటి బరువంతా ఆ చిన్న చోటే పడి కింది నీటిని పైకి నొక్కుతుంది. అందుకే అడుగుకు 3000 పైన ఉండాలి. ఆ పట్ట నేల మీదే ఆగిపోకుండా, పళ్లెం అంచులా జానెడు ఎత్తు గోడల మీదికి ఎక్కి ఉండాలి.

నీళ్లు ఎక్కువగా దిగేది బట్టలోంచి కాదు, కుట్టులోంచి. సూది గుచ్చిన ప్రతిచోటా ఒక రంధ్రం ఉంటుంది. కుట్టు మీద లోపలి వైపు సన్నటి టేపు అతికించి ఉందో లేదో వేలితో తడిమి చూడాలి. ఇక బట్టల్లో నైలాన్ గట్టిదే కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టిన పట్ట అర్ధరాత్రి వానకు వదులై లోపలి గుడ్డకు అంటుకుంటుంది. పాలిస్టర్ అంతగా సాగదు, ఎండకూ కొంత ఎక్కువ ఓర్చుకుంటుంది. ఎడతెగని వానలకు, ఎండ మండే నేలకు పాలిస్టర్ పై పట్టే అనువు. దారం మందాన్ని డెనియర్‌లో చెబుతారు. తొమ్మిది కిలోమీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. పై పట్టకు 20 నుంచి 40, అడుగుకు 40 నుంచి 70 ఉంటే బరువుకూ మన్నికకూ సమతూకం.

ఎంత మంచి పట్ట అయినా తప్పు చోట వేస్తే కాపాడదు. జలపాతం కింది బండల మీద, ఎండిన వాగు పాయలో డేరా వేయకూడదు. పైన గుట్టల్లో కురిసిన వాన కింద ఉన్నవారికి తెలియకుండానే వాగై దిగుతుంది. ప్రవాహానికి అరవై మీటర్ల దూరంలో, కాస్త ఎత్తున, నీళ్లు నిలవని వాలులో వేయాలి. ఉరుములు ఉన్నప్పుడు గుట్ట కొన, ఒంటి చెట్టు రెండూ పనికిరావు. ఎండిన కొమ్మలున్న టేకు, మద్ది చెట్ల కింద కూడా పడక వద్దు.

మొరం మీద మేకు

ఇందల్వాయి గుట్టల చుట్టూ నేల ఎర్రటి మొరం. దాని కింద చేతి లోతులోనే రాయి. చవక డేరాతో వచ్చే సన్నటి ఇనుప తీగ మేకును రాతితో కొడితే రెండంగుళాలు దిగుతుంది, రాయి తగిలి ఖంగుమంటుంది, మూడో దెబ్బకు నడుము వంగిపోతుంది. తీసి సరిచేసి మళ్లీ కొడితే రెండో వంపు అక్కడే పడుతుంది. ఈ నేలకు మూడు అంచుల అల్యూమినియం మేకులు కావాలి. అవి తేలికగా ఉంటూనే వంగవు. మేకు తల డేరాకు అవతలి వైపు వాలేలా, తాడుకు అడ్డంగా దిగగొట్టాలి. నిలువుగా దిగిన మేకు గాలికి ఊగి ఊగి ఊడివస్తుంది. ఎద్దును కట్టే గూటం కొట్టిన రైతుకు ఈ వాటం ఎవరూ నేర్పక్కర్లేదు.

పరుపు బండ మీద ఏ మేకూ దిగదు. అలాంటి చోట తనంతట తాను నిలబడే గుమ్మటం డేరాయే దిక్కు. రెండు కర్రలు కత్తెరలా దాటుకుని వంగి ఒకదాన్నొకటి పట్టి నిలబెడతాయి, నాలుగు మూలలా తాళ్లను రాళ్లకు చుట్టి కట్టుకుంటే చాలు. ఈ గుమ్మటం లెక్కను డేరాల్లోకి తెచ్చిన తొలి నమూనాల్లో అమెరికాలో నార్త్ ఫేస్ కంపెనీ 1975లో తెచ్చిన ఓవల్ ఇంటెన్షన్ ఒకటి. వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ కట్టడాల గుమ్మటాలు దానికి స్ఫూర్తి. సొరంగంలా పొడుగ్గా ఉండే డేరాలకు అదే బరువులో చోటు ఎక్కువ, కానీ రెండు కొసలా మేకు దిగితేనే నిలుస్తాయి. మొరం, బండ కలిసిన ఇందల్వాయి అడవికి గుమ్మటమే సరైనది.

కర్రల్లో ఫైబర్‌గ్లాస్ చవక, బరువు, పాతబడితే నిలువునా చీలి అరచేతిలో ముళ్లు దించుతుంది. అల్యూమినియం కర్ర తేలిక, వంగినా చాలావరకు సరిచేసుకోవచ్చు. విరిగిన చోట తొడిగే జానెడు గొట్టం ఒకటి సంచిలో ఉండాలి.

రాత్రి: గాలి, చెమ్మ

డిసెంబరు, జనవరిలో ఇక్కడ తెల్లవారుజామున చలి పది డిగ్రీల దగ్గరికి దిగుతుంది. అలాంటి వేళ ఒంటిపొర డేరా లోపల గోడ మీద చేయి పెడితే అరచేయి తడిసిపోతుంది. రాత్రంతా పీల్చి వదిలిన ఊపిరి చల్లటి బట్టకు తగిలి ముత్యాల్లా చుక్కలు కడుతుంది. చుక్కా చుక్కా కలిసి జారి అడుగున చేరుతుంది, నడినెత్తిన ఉన్నది టప్పున ముఖం మీద రాలుతుంది. పట్ట కారుతోందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది లోపలివారి ఊపిరే.

దీనికి మందు రెండు పొరలు. లోపల గాలి ఆడే దోమతెర, బయట నీళ్లు దిగని పట్ట, రెంటి మధ్య బెత్తెడు ఖాళీ. చెమ్మ బయటి పొర మీద పట్టి, దాని లోపలి వైపు నుంచే జారి నేలకు చేరుతుంది, పడుకున్నవారిని తాకదు. పై పట్టకు నెత్తిన ఒక గాలిమూతి, కింద నేలకూ పట్టకూ మధ్య కాస్త ఎడం ఉండాలి. చలికి భయపడి అన్నీ మూసేస్తే తెల్లారేసరికి దుప్పటి తడి ముద్దే. వెచ్చదనం దుప్పటి నుంచి రావాలి, డేరా నుంచి ఆశించకూడదు.

ఏప్రిల్, మే నెలల్లో లెక్క తిరగబడుతుంది. పగలు నలభై డిగ్రీలు దాటిన నేల అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంది. అప్పుడు పై పట్ట తీసి, తెర ఒక్కటే నిలబెట్టి పడుకోవచ్చు. పట్ట మాత్రం చేతికందేలా పక్కనే ఉండాలి. సాయంత్రం లేచే ఈదురుగాలి, దాని వెంట వడగళ్లు చెప్పి రావు. ఏ కాలంలోనైనా తెర జిప్పు వేసే ఉంచాలి, పొద్దున్నే చెప్పులు దులిపి తొడగాలి. డేరా లోపల పొయ్యి వెలిగించడం ప్రాణాంతకం. బట్ట అంటుకోవడం ఒక ప్రమాదం, వాసన కూడా రాని కార్బన్ మోనాక్సైడ్ అంతకు మించిన ప్రమాదం.

రేగడి, ఇసుక

బోధన్ వైపు నేల మారిపోతుంది. నిజాంసాగర్ కాలువ కింద చెరకు, వరి పండే నల్లరేగడి ఎండినప్పుడు నెర్రెలు విచ్చి రాయిలా ఉంటుంది, తడిస్తే బంక. తడి రేగడిలో మేకు వేలితో నొక్కినా దిగుతుంది, అంతే సులువుగా ఊడివస్తుంది. ఇక్కడ మేకులు పొడుగ్గా, వెడల్పుగా ఉండాలి. అడుగు పట్ట కింద వేరే ప్లాస్టిక్ పట్టా ఒకటి పరిస్తే బురద డేరాకు అంటదు. ఆ పట్టా డేరా అడుగు కన్నా నాలుగు వేళ్లు చిన్నగా ఉండాలి. బయటికి పొడుచుకువస్తే పై నుంచి జారిన వాననీళ్లు దాని మీద పడి నేరుగా పక్క కిందికే చేరతాయి.

చెరకు తోట గట్టు మీద రాత్రి పడక క్షేమం కాదు. అడవి పందులు చెరకు కోసం వస్తాయి. వాటి కోసం కొందరు పొలం చుట్టూ కరెంటు తీగలు పెడతారు. అది చట్టవిరుద్ధమైనా ఆగడం లేదు, ఆ తీగలకు మనుషుల ప్రాణాలూ పోతున్నాయి. పొలం యజమానిని అడిగి, ఆయన చూపిన కల్లంలోనో, ఊరి బడి ఆవరణలోనో డేరా వేసుకోవడమే పద్ధతి. ఇందల్వాయి వైపు రిజర్వ్ అడవిలో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. చిరుతలు, ఎలుగుబంట్లు తిరిగే అడవి అది.

కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలుస్తాయి. ఎండాకాలం నది మధ్య దాకా ఇసుకే. ఇసుకలో మామూలు మేకు నిలవదు. ఇసుక నింపిన చిన్న సంచికో, అడ్డంగా పెట్టిన కర్రకో తాడు కట్టి మోచేయి లోతున పూడ్చి, పైన కాలితో తొక్కితే గాలికి ఊడదు. డేరా సన్నటి కొసను గాలి వచ్చే వైపు తిప్పాలి. వానాకాలంలో మాత్రం నది గర్భంలో పడక వద్దే వద్దు. ఎగువన మహారాష్ట్రలోని బాబ్లీ బ్యారేజీ గేట్లు సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా తెరిచే ఉంటాయి. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ నిండితే అటు నుంచీ నీళ్లు వస్తాయి.

మంచు కొండ డేరా

మూడు కాలాల డేరా, నాలుగు కాలాల డేరా అని దుకాణాల్లో రెండు మాటలు వినిపిస్తాయి. నాలుగో కాలం అంటే మంచు. దానికి ఉదాహరణ ఇదే జిల్లాలో ఉంది. సిరికొండ మండలం పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. ఆ వయసులో ఎక్కిన బాలికల్లో ఆమే ప్రపంచానికి మొదటిది. భువనగిరి గుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్ దాకా సాగింది. 2022లో దెనాలితో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలూ పూర్తయ్యాయి.

ఆ దారిలో చివరి మజిలీ 8,300 మీటర్ల దగ్గర ఉంటుంది. అక్కడి డేరా పేరుకున్న మంచు బరువుకు కూలకూడదు, గాలి ఎంత విసిరినా చిరగకూడదు. అందుకే దానికి కర్రలు ఎక్కువ, బట్ట మందం, తెర తక్కువ. ఆ డేరానే తెచ్చి సిర్నాపల్లి పక్కన మే నెలలో వేస్తే లోపల ఉడికిపోవాలి, వీపున కిలోన్నర అదనం. ఎవరెస్టుకు సరిపోయిందన్న మాట దక్కను అడవిలో యోగ్యతాపత్రం కాదు. ఇక్కడికి మూడు కాలాల రెండు పొరల గుమ్మటమే ఉత్తమం.

కొనేముందు, వాడాక

కొనేముందు దుకాణంలో డేరా విప్పించి నిలబెట్టాలి, అందులో పడుకుని చూడాలి. జిప్పు పదిసార్లు లాగాలి, బట్ట కరుచుకునే జిప్పు అడవిలో తప్పకుండా మొరాయిస్తుంది. సంచితో సహా తూకం వేయించాలి. పెట్టె మీది బరువులో మేకులు, తాళ్లు చాలాసార్లు కలపరు. ఏడాదికి ఒక్కసారే వెళ్లేవారికి అద్దె డేరా చాలు.

ఇంటికి తెచ్చాక డాబా మీద ఒకసారి వేసి, కుట్ల మీద పావుగంట నీళ్లు పోసి లోపల చూడాలి. చీకట్లో, టార్చి వెలుగులో మరోసారి వేసి చూడాలి. మొదటి రాత్రి వానలో డేరా వేయడం నేర్చుకోవడం ఎవరికీ మంచిది కాదు.

తిరిగొచ్చాక చేయాల్సిన పని ఒకటే, ఆరబెట్టడం. తడి డేరాను సంచిలో కుక్కి అటక మీద వేస్తే మన వేడికి, చెమ్మకు పట్ట లోపలి పూత ఊడి జిగటగా మారి కుళ్లు వాసన వేస్తుంది. అప్పుడిక బాగుచేసే దారి లేదు. మట్టిని తడిగుడ్డతో తుడిచి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, బిగించి మడవకుండా వదులు సంచిలో, ఎలుకలు చేరని చోట ఉంచాలి. అలా చూసుకున్న డేరా ఏళ్ల తరబడి మన్నుతుంది. కాపరి తన గొంగడిని రోజూ ఎండకు ఆరేసుకుని భుజాన వేసుకున్నట్టే, నడిచేవారూ తమ డేరాను ఆరబెట్టి, బాగుచేసి దాచుకోవాలి.